లారీ మీద సరుకు – పైకెక్కే మనిషి

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా ఖాజాగూడలో జరిగిన మన సంఘ సభ్యుల, కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ లాంటి రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను దయాధర్మం కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కనీ తేల్చి చెప్పింది. కరువు భత్యం గురించీ, వైద్య సదుపాయాల గురించీ నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. కార్యదర్శిగారు నన్ను, “మీకు బాగా తెలిసిన విషయం ఏదైనా పది నిమిషాలు చెప్పండి” అన్నారు. నాకు బాగా తెలిసింది లారీకి సరుకు కట్టడం. అయితే నేను కట్టినవాణ్ణి కాను, కట్టేవాళ్లను చూసినవాణ్ణి. ఒక ఇంజనీరింగు శాఖ స్టోర్సులో గుమాస్తాగా ఏళ్ల తరబడి సిమెంటు, ఇనుము, పైపుల లారీలకు లెక్క రాశాను.

ఈ విషయం మనకెందుకని అనుకోవద్దు. మనం ఉన్నది ఖాజాగూడలో. ఇటు రాయదుర్గం, అటు నానక్‌రాంగూడ, పుప్పాలగూడ, ఎటు చూసినా మేడలు లేస్తున్నాయి. వాటికి కావలసిన ఇనుప చువ్వలు, కంకర, ఇసుక, అద్దాలు లారీల మీద వస్తాయి. పునాదుల్లో పగలగొట్టిన రాయీ, తవ్విన మట్టీ లారీల మీదే పోతాయి. ఆ లారీల వెనకాలే మన అబ్బాయిలు, అమ్మాయిలు, కోడళ్లు, అల్లుళ్లు స్కూటర్ల మీద ఆఫీసులకు పోతున్నారు.

లారీకి సరుకు ఎక్కించాక రెండు పనులుంటాయి. ఒకటి కట్టడం, రెండోది పట్టా కప్పడం. (పట్టా అంటే మనం ఫైళ్లలో చూసిన భూమి పట్టా కాదు, టార్పాలిన్!) ఈ రెండూ వేరు వేరు. బరువును కదలకుండా పట్టేది తాడు, గొలుసు, బెల్టు, బండి గోడలు. పట్టా వానను, దుమ్మును, ఎగిరిపడే చిన్న రాళ్లను ఆపుతుందేగాని బరువును ఆపదు. పట్టా కప్పి ఉంది కదా, సరుకు భద్రం అనుకోవడం పొరపాటు.

పల్లెల్లో గడ్డిబండి కట్టినవారికి ఇందులో సగం తెలుసు. ముందు బరువెక్కువైతే ఎద్దుల మెడ మీద పడుతుంది, వెనక ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. అందుకే బరువు సరిచూసి, పైనుంచి మోకు వేసి బిగిస్తారు. లారీకీ అదే సూత్రం. తేడా అంతా వేగంలో ఉంది. డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే బండి ఆగుతుంది, సరుకు ఆగదు. అమెరికా నిబంధనల ప్రకారం సరుకు బరువులో 10కి 8 పాళ్ల బలం ముందుకు తోసినా కట్టు నిలవాలి. అంటే 10 టన్నుల ఇనుముకు 8 టన్నుల తోపు. పక్కలకు, వెనక్కు 10కి 5 పాళ్లు. గోడలు లేని ట్రెయిలరు మీద ఆ భారమంతా కట్టు మీదే పడుతుంది. ఇనుము మీద ఇనుము సులభంగా జారుతుంది కాబట్టి మధ్యలో చెక్కో, రబ్బరో వేయాలి. పదునైన అంచు తగిలేచోట తాడు కింద గోనెసంచి మడిచి పెట్టాలి. లేకపోతే బండి ఊగినప్పుడల్లా తాడు కోసుకుపోతుంది.

ఇక పట్టా సంగతి. ఇరవై అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవున్న కాన్వాసు పట్టా పాతిక ముప్పై కిలోలు తూగుతుంది. తడిస్తే ఇంకా బరువు. దాన్ని భుజాన వేసుకుని పన్నెండడుగుల ఎత్తుకు ఎక్కాలి. పైన పట్టుకోవడానికి ఏమీ ఉండదు. కాలి కింద బస్తాలో, గుండ్రటి పైపులో ఉంటాయి. మే నెలలో ఇనుము చెయ్యి పెట్టనివ్వదు, వానాకాలంలో పట్టా కాలు నిలవనివ్వదు. గాలి లేస్తే పట్టా తెరచాప అవుతుంది, దాన్ని వదలని మనిషిని తనతో లాక్కుపోతుంది. రెండు పట్టాలైతే వెనకది ముందు పరిచి, ముందుది దాని మీదికి వచ్చేట్టు కప్పాలి. ఇంటి పెంకుల వరస లాంటిదే ఇది. తలకిందులైతే గాలి సందులో దూరి పట్టా చింపేస్తుంది. బండి వేగం రెండింతలైతే గాలి తోపు నాలుగింతలవుతుంది.

కట్టడంతో పని అయిపోదు. కొంత దూరం పోగానే సరుకు సర్దుకుంటుంది, తాళ్లు వదులవుతాయి. బండి ఆపి మళ్లీ బిగించాలి. అమెరికాలో బయల్దేరిన మొదటి 50 మైళ్ల లోపల, అంటే 80 కిలోమీటర్ల లోపల డ్రైవరు సరుకు చూసుకోవాలని నిబంధన ఉంది. మన డ్రైవర్లు నిబంధన చదవకపోయినా టీ కొట్టు దగ్గర ఆగి తాడు లాగి చూసుకుంటారు. ఆ ఆగడాన్ని ఆలస్యం కింద జమకట్టేది పైవాళ్లే.

నా రిజిస్టరులో లారీ నంబరు, సరుకు, తూకం, వచ్చిన వేళ, పోయిన వేళ, ఇన్నింటికీ గడులుండేవి. కట్టిన మనిషికి గడి లేదు. సిమెంటు తడిసి వస్తే ఆ నష్టం ఎవరి బత్తాలోంచి కోయాలన్న దాని మీద ఉత్తరాలు నడిచేవి. ఒకసారి ఒక డిపోలో పైపుల మీద పట్టా విప్పుతూ క్లీనరు కుర్రవాడు జారి కిందపడ్డాడు. ముంజేయి విరిగింది. సాయంత్రానికి లారీ వెళ్లిపోయింది, కుర్రవాడు ఏమయ్యాడో మాకు తెలియలేదు. పైపులన్నీ సరిగ్గా చేరినట్టు మాత్రం రికార్డులో ఉంది. ముఠా, జట్టు, హమాలీ కార్మికుల కోసం మన రాష్ట్రంలో 1976లోనే చట్టం చేశారు. చట్టం పేరులోకి ఎక్కినవారు మన రిజిస్టర్లలోకి ఎక్కలేదు.

2025 నవంబరు 3 తెల్లవారి చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర ఏం జరిగిందో మీకందరికీ తెలుసు. తాండూరు నుంచి హైదరాబాదు వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పరు ఢీకొంది. కంకర బస్సులోకి పడి ప్రయాణికులు దాని కింద కూరుకుపోయారు. దాదాపు 20 మంది పోయారు. వారిలో చదువుకునే పిల్లలున్నారు. అంత వేగంలో అంత కంకరను పట్టా ఒక్కటీ ఆపగలదని నేను అనను. కాని లారీ మీది సరుకు రోడ్డు మీది మనుషులందరికీ సంబంధించిన సంగతి అని ఆ రోజు మనకు తెలిసింది.

చట్టాలకు కొదవలేదు. చువ్వలు బండి బయటికి పొడుచుకు రాకూడదని 2014లో నిబంధన మార్చారు. నిర్మాణ సామగ్రిని కప్పకుండా తీసుకుపోరాదని 2018లో పర్యావరణ నిబంధనల్లో చేర్చారు. అధిక బరువుకు 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకు 2,000 చొప్పున జరిమానా అని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. అయితే కాగితం తనంతట తాను లారీ ఎక్కి తాడు బిగించదు. ఆ సంగతి ఈ సభలో ఉన్నవాళ్లకంటే బాగా ఎవరికి తెలుసు?

మరి మనం చేయగలిగిందేమిటి? మనలో చాలామంది ఇల్లు కట్టుకుంటున్నారు, కొందరు అపార్ట్‌మెంటు సంఘాల్లో పెద్దలుగా ఉన్నారు. ఇసుక, కంకర తెప్పించేది మనమే. అందుకని నాలుగు మాటలు మనవి చేస్తాను.

మొదటిది, సరుకు చెప్పినప్పుడే గోడల అంచు దాటకుండా నింపాలనీ, పట్టా కప్పి తేవాలనీ చెప్పండి. ఒక ట్రిప్పులో ఎక్కువ తెస్తే డబ్బు కలిసొస్తుందన్న ఆశ వద్దు.

రెండోది, పట్టా విప్పడానికి గేటు లోపల చదునైన చోటు, రాత్రయితే దీపం, ఒక నిచ్చెన, తాగడానికి నీళ్లు ఇవ్వండి. పగలు భారీ బండ్లకు నగరంలో ఆంక్షలుండటం వల్ల ఈ పని ఎక్కువగా చీకట్లోనే జరుగుతుంది. వాచ్‌మన్ చేత “తొందరగా తీయ్” అని అరిపించకండి.

మూడోది, తాళ్లు విప్పేటప్పుడు లారీ పక్కన ఎవరూ నిలబడకూడదు. పైపులు దొర్లుతాయి, నిలువుగా పేర్చిన తాండూరు బండలు, అద్దాలు ఒరుగుతాయి. మనవళ్లను లోపలికి పిలుచుకోండి.

నాలుగోది, మీ పిల్లలకు చెప్పండి. వదులు తాడు, ఎగిరే పట్టా కనిపిస్తే ఆ లారీ వెనక పోవద్దు. డ్రైవరుకు మర్యాదగా సైగ చేయమనండి. తిడితే వినడు, చెబితే వింటాడు.

నకారా తీర్పు పుణ్యమా అని ఒకటో తేదీన మన ఖాతాలో పింఛను పడుతుంది. లారీ మీద నిలబడి పట్టా లాగే మనిషికి ఆ ఒకటో తేదీ లేదు. ఆయన భద్రంగా కిందికి దిగడానికి మన గుమ్మంలో అరగంట సమయం, ఒక నిచ్చెన ఇవ్వడం పెద్ద భారం కాదు. మన సంఘం తరఫున చుట్టుపక్కల అపార్ట్‌మెంటు సంఘాలకు ఈ నాలుగు మాటలతో ఒక ఉత్తరం రాయాలని అధ్యక్షులవారిని కోరుతున్నాను. ముసాయిదా నేను రాసి తెచ్చాను. గుమాస్తాను కదా!