మా యూరి వోట్లు

ఒక యూరి మొగ్గు ఏ పక్షమువైపు కలదో తెలిసికొనుట యెట్లు? దీనికి పట్టణములందలి పండితులు సిద్ధాంతములు చెప్పుదురు. నేను మా యూరి రచ్చబండపై కూర్చుండి చూచినదానిని మాత్రమే పెద్దలకు మనవి చేసెదను. మాది చిన్న యూరు. వోటు వేయుటకు పాఠశాల యొక్కటే కేంద్రము. ఈ సంగతి జ్ఞాపకముంచుకొన గోరుచున్నాను.

1919, 1935 సంవత్సరముల చట్టముల క్రింద పన్ను కట్టువారికిని, ఆస్తిపరులకును, కొంత చదువు కలవారికిని వోటుండెడిది, కూలివానికి లేదు. 1952లో ముగిసిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో వయస్సు వచ్చిన ప్రతివానికిని వోటు వచ్చినది. అభ్యర్థి కొక పెట్టె వంతున వరుసగా నుంచి, వానిపై గుర్తు లంటించిరట. కాంగ్రెసువారిది జోడెడ్ల గుర్తు. కమ్యూనిస్టులది కంకి కొడవలి. మా తండ్రిగారు తమ యెడ్లకే వోటు వేసితిమని నవ్వుచు చెప్పుచుండెడివారు.

1955లో ఆంధ్రరాష్ట్రమున జరిగిన ఎన్నికలలో కమ్యూనిస్టు పక్షమునకు నూటికి 31 వోట్లు వచ్చినను, 196 స్థానములలో 15 మాత్రమే దక్కినవి. పల్లెలన్నియు మనసు మార్చుకొన్నవని చాలమంది తలంచిరి. అట్లు కాదు. అంతకు ముందు చీలియున్న యెదుటి పక్షములవారు ఈసారి యేకమైరి, అదియే ముఖ్యకారణము.

పల్లెలో పక్షమనగా జెండా కాదు, దాయాదుల తగవు. కాలువనీటి వంతు దగ్గర మాట పట్టింపు వచ్చిన రెండిండ్లలో నొకరొక జెండా పట్టినచో, రెండవవారు రెండవ జెండా పట్టుదురు. వారి పాలేళ్లును, కౌలుదార్లును, అప్పు తీసికొన్నవారును వెనుక నడతురు. జెండాలు మారినను ఈ రెండు వరుసలు మారకుండెడివి. 1983లో కొంత కదలిక వచ్చినది. ఏడాదియైన నిండని తెలుగుదేశము పక్షమునకు 294 స్థానములలో 201 వచ్చినవి. ఇంటి యజమాని యొక గుర్తు చెప్పగా ఇంటిలోని స్త్రీలు మఱియొక గుర్తుపై ముద్ర వేసిరని ఆనాడు మేము గుసగుసలాడుకొంటిమి. ఎవరు వేసినదియు నిశ్చయముగా తెలియదు. ఆ తెలియకపోవుటయే యెంత మేలో నాకు పిమ్మట గాని బోధపడలేదు.

కాగితపు వోట్ల కాలమున పెక్కు కేంద్రముల కాగితములను కలిపి లెక్కించు పద్ధతి యుండెడిది. 2004 నుండి లోక్‌సభ ఎన్నికలు దేశమంతట యంత్రములతో జరుగుచున్నవి. యంత్రము తన కేంద్రపు లెక్కను వేఱుగా చెప్పును. ఒకే కేంద్రము గల మావంటి చిన్న యూరిలో మనుష్యుని రహస్యము నిలిచినను, ఊరి రహస్యము నిలువదు. యంత్రముల లెక్కలను కలిపి చూపు సాధనమును ఎన్నికల సంఘము 2008లో ప్రతిపాదించెను. 2015లో న్యాయసంఘమును అట్లే సిఫారసు చేసెను. అది అమలునకు రాలేదు.

ఇందలి బాధ నేనెఱుగుదును. ఒక ఎన్నికలో "మా యూరి వోట్లన్నియు మీవే" యని యొక అభ్యర్థికి మాట యిచ్చితిని. ఎవరిని అడిగి యిచ్చితిని? ఎవరినిగూడ అడుగలేదు. లెక్క ముగిసిన పిమ్మట వారి మనుష్యుడు కాగితము తెచ్చి, "తాతగారూ, ఇదేమి?" అనెను. చాల వోట్లు తగ్గినవి. ఆ సాయంకాలమే రచ్చబండపై ఏ వీధివారు తప్పిరని విచారణ మొదలైనది. చెఱువుగట్టు వీధివైపు వ్రేళ్లు చూపిరి. ఋజువేమియు లేదు; వారు పేదవారు, అంతియే. సగము వేసిన నీటి గొట్టములు వారి వీధి మొదటనే ఆగిపోయినవి. నేను నోరు మెదపలేదు.

కొన్ని దినములకు భోజనము వడ్డించుచు నా భార్య, "తగ్గిన వోట్లలో నాది యొకటి. మన కొళాయి కూడ కట్టింపుడు" అనెను. ముద్ద గొంతు దిగలేదు. మఱునాడు రచ్చబండ కడకు వెళ్లి ఆ మాట అందఱియెదుట చెప్పితిని. కొందఱు నవ్విరి. గొట్టములు మాత్రము రెండు వేసవులు గడచిన పిమ్మట గాని ఆ వీధి చివరకు చేరలేదు. ఆ రెండు వేసవులును ఆ యాడవారు బిందెలతో మా వాకిటి ముందుగనే నడచిరి.

ఇప్పుడును అభ్యర్థుల మనుష్యులు మా యింటికి వచ్చుచుందురు. కాఫీ యిచ్చి కూర్చుండ బెట్టుదును. వోట్లెన్ని యని యడిగినచో నాది యొకటి యని చెప్పుచున్నాను. మా యింటిలోని రెండవ వోటు సంగతి నేనెఱుగను.