తండ్రి / సంరక్షకుడు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగం)

బడి జ్ఞాపకాలు చెప్పమని నన్ను పిలిచారు. బెత్తం దెబ్బలు, పంద్రాగస్టు బిస్కెట్ల గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. నేను ఒక రిజిస్టరు గురించి చెబుతాను.

నేను ఐదో తరగతిలో ఉండగా మా వాడకు డక్కలాయన వచ్చాడు. మాదిగల గోత్రాలు, వంశాలు నోటికి చెప్పడం వాళ్ల వృత్తి. మన నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చాక డక్కలి అన్న మాట లోకానికి తెలిసింది. మా చిన్నప్పుడు మాత్రం వాళ్లను మా గడప కూడా తొక్కనిచ్చేవాళ్లు కాదు. మమ్మల్ని ఊరు దూరం పెట్టింది, వాళ్లను మేం దూరం పెట్టాం. ఆయన మా ఇంటి ముందు వేపచెట్టు కింద కూర్చుని తరాలన్నీ చదువుతూ వచ్చి మా తాత పేరు దగ్గర ఆగాడు. "ఈయనకు ఒక్క ఆడబిడ్డ. కొడుకుల్లేరు" అన్నాడు. అక్కడే నిలబడ్డ మా నాయిన ఒక్క మాట మాట్లాడలేదు. జొన్నలు కొలిచి పోసి పంపేశాడు. తాతకు అక్క అయిన మా పెద్దవ్వ చేట అక్కడే వదిలి లోపలికి పోయింది.

ముసలాయన తప్పు చదివాడనుకున్నాను. తర్వాత వనపర్తి రాజప్రాసాదంలో ఉన్న పాలిటెక్నిక్‌లో డిప్లొమా, ఆపైన ఇంజనీరింగు, ఉద్యోగం. ఆ సంగతే మరిచిపోయాను.

2017లో భూరికార్డుల ప్రక్షాళన మొదలైనప్పుడు గద్వాల దగ్గరున్న మా ఎకరంన్నరకు కాగితాలు వెతికాను. 1954-55 ఖాస్రా పహాణీలో మా ఊరి పేజీలు ఉర్దూలో ఉన్నాయి. ఉర్దూ తెలిసిన ఒక రిటైర్డు సారు చదివిపెట్టారు. పట్టాదారు కాలమ్‌లో తాత పేరు లేదు. "ముసమ్మాత్" అని, ఆ వెనక మా పెద్దవ్వ పేరు. పెళ్లయిన ఆడమనిషికి "జౌజె" ఫలానా అని భర్త పేరు రాస్తారు. ఇక్కడ "బిన్తె" అని తండ్రి పేరు ఉంది. ముప్పై దాటిన మనిషికి భర్త పేరు ఎందుకు లేదని సారు అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

సర్వేలో లెవెల్స్ కలవకపోతే వెనక్కి పోయి ఒక్కో రీడింగు చూసుకుంటాం. అట్లాగే నాయిన చదివిన పాత బడికి పోయాను. హెడ్‌మాస్టరు గారు ఓపిగ్గా బీరువా తెరిపించారు. చెదలు తిన్న ప్రవేశ రిజిస్టరులో నాయిన పేరు దొరికింది. "తండ్రి/సంరక్షకుడు" అన్న కాలమ్‌లో తాత పేరు, దాని పక్కన చిన్న అక్షరాలతో "మేనమామ". బడి మారినప్పుడు టీసీలో ఆ చిన్న అక్షరాలు రాలేదు. అక్కడినుంచి అన్ని కాగితాల్లోనూ తాతే తండ్రి.

నాయిన అప్పటికే పోయాడు. తాత కూతురు, మా అత్త, ఉంది. మూడుసార్లు పోయి అడిగితే మాట మార్చింది. నాలుగోసారి, "ఇగ ఎందుకు బిడ్డా తవ్వుతవు? ఆమె కన్నది, మా నాయిన సాకిండు, గంతే" అంది. కాసేపాగి మిగతాది చెప్పింది. పెద్దవ్వను చిన్నప్పుడే జోగినిగా విడిచారు. అత్తగారిల్లు ఉండదు గనుక కొడుకుతో పాటు భూమిలో వాటా ఇచ్చారు. బిడ్డ పుట్టాక, బడిలో తండ్రి పేరు అడుగుతారని తమ్ముడే ముందుకొచ్చాడు. అప్పటినుంచి నాయిన కన్నతల్లిని "అత్తా" అని పిలిచాడు, ఆమె చనిపోయే రోజు దాకా.

ఈ లెక్కన అత్త నాకు అత్త కాదు, అమ్మ వరస అవుతుంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఇప్పటికీ అత్తా అనే పిలుస్తున్నాను.

నన్ను మన బడిలో వేసిన రోజు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది పెద్దవ్వే. లోపలికి రమ్మని సారు పిలిచినా రాలేదు, గేటు అవతలే నిలబడింది. ఎందుకో నాకిప్పుడు తెలుసు. నేను పదో తరగతి రాసిన ఏడాది, 1985లో, ఆమె పోయింది. జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1988లో.

భూమి విరాసత్‌కు అత్త సాక్ష్యం అవసరమైంది. ఆమె తలుచుకుంటే తనే వారసురాలినని చెప్పుకోవచ్చు. "వాడు ఆమె కొడుకే" అని నలుగురిలో చెప్పి వేలిముద్ర వేసింది. పెద్దవ్వ పేరు మాత్రం బయట చెప్పొద్దంది. మనవరాళ్లకు సంబంధాలు చూస్తోంది. అందుకే ఇక్కడా చెప్పడం లేదు. నేను గీసిన వంశవృక్షంలో నాయిన పైన ఆమె పేరే ఉంది, ఆ కాగితం మా ఇంట్లో ఉంది. డక్కలాయన కోసమూ వెతికాను. ఆయన కొడుకులు ఎటు పోయారో ఆచూకీ దొరకలేదు.

చివరగా కమిటీ వారికి ఒక మాట. మన బడి ప్రవేశ రిజిస్టర్లను స్కాన్ చేయించాలని తీర్మానం పెట్టారు. ఆ ఖర్చు నేను పెట్టుకుంటాను. అయితే ఆ తండ్రి/సంరక్షకుడు కాలమ్‌ను అందరికీ తెరిచి పెట్టకండి. ఎవరిది వాళ్లు వచ్చి అడిగితే, వాళ్లకే చూపించండి.