ఇంటి కంప్యూటర్‌కు ఏ యాంటీవైరస్?

నెల్లూరు జిల్లాలో మైపాడు, ముత్తుకూరు వైపు రొయ్యల రైతుల్లో కొందరు సాగు లెక్కలు ఇంటి కంప్యూటర్లోనే రాసుకుంటున్నారు. అవి పోతే? 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లనే స్తంభింపజేసి డబ్బులడిగింది. విచిత్రమేమంటే, అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లు దొరికిపోయారు.

అందుకే ముందు విండోస్ అప్‌డేట్ చేయండి. విండోస్ 10, 11లలో డిఫెండర్ అనే యాంటీవైరస్ ఉచితంగానే వస్తుంది. మామూలు ఇంటి వాడకానికి అది చాలంటాను. విండోస్ 10కి మాత్రం 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది. యాంటీవైరస్ కొనే తీరాలంటే వాటిని పరీక్షించే జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ ఫలితాలు చూడండి. తొలి ఏడాది తగ్గింపు చూసి మురిసిపోక, రెన్యువల్ ధర అడగండి. ఒకేసారి రెండు పెట్టకండి, ఒకదానికొకటి అడ్డం. లెక్కల కాపీని పెన్‌డ్రైవ్‌లో వేసి, విడిగా బీరువాలో పెట్టండి.