గోతికిని గుట్టకును లెక్క చెప్పువారెవరు?

(ఒక పఠనమందిర సభయందు చదివిన ఉపన్యాసము)



స్వర్ణముఖీ తీరమున నివసించు మనకు బాల్యమునుండి పరిచితమైన కథ యొకటి కలదు. శ్రీకాళహస్తి ఆలయమును కట్టిన కూలివారు సాయంకాలమున ఏటికి పోయి దోసెడు ఇసుక తీసికొనగా, ఎవరి శ్రమకు తగినంతగా వారి దోసిట అది బంగారమయ్యెడిదట. నేడును ఆ యిసుక బంగారమగుచునే యున్నది. కాని నియమము తారుమారైనది. ఏటియొడ్డున బావి త్రవ్వుకొని పైరు పెట్టిన రైతునకు ఇసుకయు మిగులలేదు, ఊటయు మిగులలేదు. బంగారము లారీలమీద పొలిమేర దాటిపోవుచున్నది.

ఈ మాట నొకరిని నిందించుటకై చెప్పుట లేదు. పట్టణమున ఇల్లు కట్టుకొను మనమందరము ఆ యిసుకను కోరువారమే. గడపకు గ్రానైటు రాయి వేయించుకొనువారమును మనమే. ఉదయమున వాకిట చెత్తబుట్ట నుంచి, అది ఎచ్చటికి పోవునో విచారింపనివారమును మనమే. కావున త్రవ్వరాదని గాని, పారవేయరాదని గాని మేము చెప్పము. త్రవ్వుటకు అనుమతి యిచ్చు చేయి యొకటియు, దాని గోతిని గుట్టను మోయు తల వేరొకటియు నగుట అన్యాయమని మాత్రమే మా వాదము.

మొదట రాతి సంగతి చూతము. కుప్పము ప్రాంతపు ఆకుపచ్చ గ్రానైటు దూరదేశములలో పేరుపొందినది. దానివలన పనులు కలిగినవి, ధనము వచ్చినది. కాని గనిలో కోసిన రాయి యంతయు దిమ్మెగా ఎగుమతి కాదు. బీటవారినది, రంగు కలియనిది, అంచు విరిగినది గుట్టగా అక్కడనే మిగులును. దిమ్మెను పలకలుగా కోసి మెరుగుపెట్టు కార్ఖానాలనుండి తెల్లని రాతిబురద వెలువడును. తడిగా నున్నంతసేపు అది కాలువను పూడ్చును. ఎండినపిదప గాలిలో లేచును. రాతి ధూళిని ఏండ్లతరబడి పీల్చిన కూలివాని ఊపిరితిత్తులకు సిలికోసిస్ అను మాన్పరాని వ్యాధి సంక్రమించును. వ్యర్థశిలను ఎచ్చట నుంచవలెనో, త్రవ్విన భూమిని ఎట్లు చక్కబరుపవలెనో 1999 నాటి గ్రానైటు సంరక్షణాభివృద్ధి నియమములలో వ్రాసియే యున్నది. అయినను ఆ గని ప్రణాళిక కాగితమును తమ యూరిలో చూచిన గ్రామస్థులెందరు?

ప్రణాళిక లేని త్రవ్వకము తుదకేమగునో చూడగోరువారు కుప్పమునుండి సరిహద్దు దాటి కోలారు బంగారుగనులకు పోయి చూడవచ్చును. 1880లో జాన్ టేలర్ కంపెనీ అక్కడ పని ప్రారంభించినది. మూడు కిలోమీటర్లకు పైబడిన లోతునకు దిగి బంగారము తీసిరి. మన చిత్తూరు జిల్లానుండియు వేలకొలది జనము ఆ గనులకు కూలికి పోయిరి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. బంగారము పోయినది, కంపెనీ పోయినది, జీతములును పోయినవి. పోకుండ నిలిచినవి సయనైడు దిబ్బలు మాత్రమే. వేసవిగాలికి ఆ పొడి లేచి నేటికిని ఇండ్లమీద పడుచున్నది. నూట యిరువది యేండ్ల పాటు బంగారమును తూచిన త్రాసులో ఆ పొడిని తూచినవారు లేరు.

ఇది పరుల కథ యని ఊరకుండరాదు. మన జిల్లాలోని చిగురుకుంట, బిసానత్తము బంగారుగనులును ఆ కోలారుతో పాటే మూతపడినవి. వానిని మరల తెరచుటకు వేలముపాట జరిగి, జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థకు దక్కినది. పని మొదలగుటకు ముందే ఆ గ్రామములు అడుగవలసిన ప్రశ్న యొకటే: బంగారము పోయినపిదప దిబ్బ ఎవరిది?

ఇక ఇసుక. రాష్ట్రమున 2016లో ఇసుక ఉచితమన్నారు. 2019లో ఆ విధానమును త్రోసి ఖనిజాభివృద్ధి సంస్థకు అప్పగించిరి. 2021లో ప్రైవేటు గుత్తకిచ్చిరి. 2024 జూలైలో మరల ఉచితమన్నారు. విధానము నాలుగుమార్లు మారినది. మారని దొక్కటే: ఏ మార్పునకు ముందును ఏటియొడ్డు గ్రామసభను అడుగుట జరుగలేదు. ధర యెంత యను చర్చయే కాని, ఏరు ఏటేట ఎంత యిసుకను తిరిగి తెచ్చుకొనుచున్నదను చర్చ లేదు. స్వర్ణముఖి జీవనది కాదు. వానకు పారి, వాన వెలియగనే ఇంకిపోవునది. ఇసుకయే దాని నీటితొట్టి. అందుచేతనే 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టమును అనుసరించిన నియమములు ఇసుక మందము తక్కువైనచోట త్రవ్వరాదనియు, వంతెనలకును మంచినీటి బావులకును 500 మీటర్ల లోపల పార వేయరాదనియు విధించుచున్నవి. 2021 నవంబరు వరదలో ఈ యేటి బలమును తిరుపతి కన్నులార చూచినది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు రెండైనవి. కాని నది రెండు కాలేదు.

ఇక మన పట్టణపు సంగతి. తిరుపతికి పురపాలక సంఘము 1886లో ఏర్పడినది; 2007లో అది నగరపాలక సంస్థ యైనది. 2011 లెక్కల ప్రకారము జనాభా 2 లక్షల 87 వేలు. దీనికి తోడు దినదినమును వేలాది యాత్రికులు వచ్చి పోవుచుందురు. నగరమున ఇంటింటికి వచ్చి చెత్త సేకరించుట, తడిని పొడిని వేరుచేయుట ప్రశంసాపాత్రముగా సాగుచున్నవి. అయినను ఈ చెత్త చిరకాలము చేరినది రామాపురపు పొలిమేరకని మరువరాదు. శుభ్రమైన వీధి మనది, వాసన వారిది. చెత్తను పూడ్చు స్థలము నదికి 100 మీటర్లు, చెరువునకును ఇండ్లకును మంచినీటి బావులకును 200 మీటర్లు దూరముగా నుండవలెనని 2016 నాటి నియమములు చెప్పినవి. విడిచిన రాతిగోయి కనబడగనే అందు చెత్త నింపుద మనువారు ఈ కొలతలను ముందు చదువవలెను. ఆ గోతి బీటలగుండ దిగిన మురుగు ఏ బావిలో తేలునో ఎవరును చెప్పలేరు.

మూడు సంగతులు వేరువేరని తోచును. నిజమునకు ఒక్కటే. కుప్పమున గుట్టలుగా పడియున్న వ్యర్థశిలను మరలో పిండిచేసిన రోబో ఇసుక యని వాడుకలో నున్న రాతియిసుక వచ్చును. దానితో కట్టినంత మేరకు ఏటియిసుక మిగులును. ఏటియిసుక మిగిలిన బావిలో నీరు మిగులును. కాని గనుల శాఖ రాతిని చూచును, భూగర్భజల శాఖ నీటిని చూచును, పురపాలకము చెత్తను చూచును. ఎవరికి వారే యమునా తీరే. అన్నిటిని కలిపి చూడవలసినదిగా రాజ్యాంగపు 74వ సవరణ నిర్దేశించిన సంఘమే జిల్లా ప్రణాళికా సంఘము. అందలి సభ్యులలో అయిదింట నాలుగువంతులు జిల్లాస్థాయి పంచాయితీ, జిల్లాలోని పురపాలకముల సభ్యులే తమలోనుండి ఎన్నుకొనినవారు కావలెను. ఆ సంఘము గనిని, ఏటిని, చెత్తను ఒక్క పటముమీద పెట్టి చర్చించిన దినము రావలెను.

గ్రామపంచాయితీలను స్వపరిపాలనాంగములుగా తీర్చవలెనను నలుబదవ అధికరణము రాజ్యాంగసభలో 1948 నవంబరు 22న చర్చకు వచ్చినప్పుడు దానిని బలపరచినవారిలో తిరుచానూరున పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు ఒకరు. స్వర్ణముఖి యొడ్డున పుట్టినవాడు పలికిన మాటను స్వర్ణముఖి యొడ్డుననే వ్యర్థము కానిత్తుమా?

పంచాయితీలకు శాస్త్రజ్ఞానము లేదని కొందరందురు. శాస్త్రజ్ఞుని మాటను గ్రామము వినకూడదని మేమనలేదు. గ్రామము వినునట్లు ఆ మాటను తెలుగున చదువవలెనని అడుగుచున్నాము. పంచాయితీలలోను లోభము కలదందురు. కలదు. కాని గుమాస్తా బల్లమీది లోభముకంటె రచ్చబండమీది లోభము త్వరగా బయటపడును.

మా కోరికలు స్వల్పములు. గనికి అనుమతిపత్రము వ్రాసిన దినముననే ఆ గోతికి తుదకు ఏ గతి పట్టించెదరో వ్రాయవలెను. అందులకగు సొమ్మును త్రవ్వకముందే ధరావతుగా కట్టింపవలెను. పట్టణపు చెత్త చేరు గ్రామమునకు ఆ నిర్ణయమున నోరుండవలెను. గనులవలన బాధితమైన ప్రాంతములకై 2015లో ఏర్పడిన జిల్లా ఖనిజనిధి లెక్కలను ఆ యా గ్రామముల గోడలమీద అంటింపవలెను. నూటికి 60కి తక్కువ కాకుండ మంచినీరు, ఆరోగ్యము మొదలగువానికే వెచ్చింపవలెనని నాటి మార్గదర్శకములు చెప్పినవి గదా.

మీకును ఒక పని కలదు. ఏ రేవున ఎంత యిసుక తీయవచ్చునో తెలుపు జిల్లా సర్వే నివేదికను ఖాయము చేయకముందు 21 దినములు ప్రజల పరిశీలనకై కలెక్టరు కచేరీయందు ఉంచవలెనని 2016 జనవరి 15 నాటి కేంద్రప్రకటన నిర్దేశించినది. ఆ 21 దినములు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోవునో మనకు తెలియదు, అడుగలేదు కనుక. పఠనమందిరములు పుట్టినది పత్రికలు తిరుగవేయుటకు మాత్రమే కాదు. ఆ నివేదిక ప్రతి నొకదానిని తెచ్చి ఈ బల్లమీద పెట్టుడు. చదువు వచ్చిన నలుగురు దానిని ఏటియొడ్డు గ్రామములకు గొనిపోయి, చదువురానివారికి చదివి వినిపింపుడు. వారు చెప్పిన అభ్యంతరములను వారి మాటలలోనే వ్రాసి గడువులోపల అందజేయుడు.

ఆ కథలోని కూలివాడు తన దోసిటిలోనిది ఇసుకయో బంగారమో తానే విప్పి చూచుకొనెను. మన దోసిలి మనము విప్పి చూడకున్నచో, పరులు బంగారమును తీసికొని మనకు గోతిని మిగిల్చినందుకు మనమే కారకులము.