పొగ నుండి ఇంధనము: దాని ఖర్చు, దాని ఫలితము



హైదరాబాదు నగరమునకు పడమట మాధాపూరులో సైబర్ టవర్స్ అను భవనమును 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిరి. నాడు రాళ్లగుట్టలుగా నుండిన ఆ ప్రాంతము నేడు హైటెక్ సిటీ మొదలు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వరకు అద్దాల మేడలతో నిండియున్నది. పల్లెలలో పుట్టి పెరిగిన యువతీయువకులు ఎందరో అచ్చట ఉద్యోగములు చేయుచున్నారు. ఆ మేడలకు పొయ్యి లేదు, పొగగొట్టము లేదు. చల్లని గాలి వీచు యంత్రములు, రాత్రింబవళ్లు నడచు కంప్యూటర్లు మాత్రము కలవు. అయినను వాటి పొగ ఎక్కడనో ఒకచోట లేవక తప్పదు. అందు కొంత భాగము మంచిర్యాల జిల్లా జైపూరు మండలములోని పెగడపల్లిలో లేచుచున్నది. సింగరేణి సంస్థ వారి 1200 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రము అచ్చటనే కలదు. అది 2016 నుండి రాష్ట్రమునకు కరెంటు నిచ్చుచున్నది.

ఈ పొగలోని బొగ్గుపులుసు వాయువు భూమిని వేడెక్కించుచున్నదని అందరును విన్నదే. ఆ వాయువును పొగగొట్టము వద్దనే పట్టి, దానిని తిరిగి ఇంధనముగా మార్చవచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. వినుటకు ఇది ఎంతయో సొంపుగా నున్నది. చెత్తను అమ్మి సొమ్ము చేసికొనుట వంటిదే గదా! కాని ఇంటి పద్దు వ్రాసినట్లు దీనికిని పద్దు వ్రాసి చూడవలెను.

మొదట పని జరుగు విధము. పొగను ఒక రసాయన ద్రవము గుండా పంపినచో బొగ్గుపులుసు వాయువు ఆ ద్రవములో చిక్కుకొనును. ఆ ద్రవమును వేడిచేసినచో వాయువు శుద్ధముగా విడివడును. ఆ వేడిని విద్యుత్కేంద్రపు ఆవిరి నుండియే తీసికొందురు. పొగనంతటిని ఇట్లు పట్టదలచినచో కేంద్రము తయారుచేయు కరెంటులో సుమారు ఐదవ వంతు తగ్గిపోవును. పిదప నీటిని కరెంటుతో విడగొట్టి ఉదజనిని తీయవలెను. ఈ రెండు వాయువులను ఒత్తిడిలో ఉత్ప్రేరకము మీదుగా పంపినప్పుడు మిథనాలు అను ద్రవము ఏర్పడును. కల్తీసారాలో కలసి ప్రాణములు తీయునది ఈ మిథనాలే. కావున దీనిని నిలువచేయుటలోను, పంపుటలోను కడు జాగ్రత్త వలయును.

ఇచ్చట ఒక సంగతి మరువరాదు. హైదరాబాదులో బి.హెచ్.ఇ.ఎల్. వారు బూడిద ఎక్కువగా గల దేశీయపు బొగ్గు నుండి దినమునకు 250 కిలోల మిథనాలు తీయు ప్రయోగశాలను నెలకొల్పిరి. అది 2022 జనవరిలో ప్రారంభమైనది. కాని అందులో వాడునది ఇంకను కాలని బొగ్గు. దానిలో వేడి దాగియున్నది. బొగ్గుపులుసు వాయువో, కాలిపోయిన కర్బనము. పొయ్యిలోని బూడిద ఎట్టిదో అదియు అట్టిదే. బూడిదను మరల కట్టెగా చేయవలెనన్నచో మంట ఇచ్చిన వేడికంటె ఎక్కువ శక్తిని తిరిగి పెట్టవలెను. ఈ లెక్కను ఏ యంత్రమును తప్పించుకొనలేదు.

ఒక టన్ను మిథనాలుకు సుమారు 1.4 టన్నుల బొగ్గుపులుసు వాయువు, 190 కిలోల ఉదజని పట్టును. కిలో ఉదజని తీయుటకు 50 మొదలు 55 యూనిట్ల కరెంటు కావలెను. అన్నియు కలిపి టన్నుకు సుమారు 10 వేల యూనిట్లు. తయారైన మిథనాలులో మిగులు శక్తి 5,500 యూనిట్లకు సమానము. అనగా దాదాపు సగము దారిలోనే పోయినది. యూనిట్ 4 రూపాయలకు దొరకినను కరెంటుకే 40 వేలు ఖర్చగును. యంత్రముల వడ్డీ, జీతములు వేరు. సహజవాయువు నుండి తీసిన మిథనాలు ఇటీవలి సంవత్సరములలో టన్ను 30 వేల రూపాయల చుట్టుపట్లనే దొరకుచున్నది. నీటి విషయమున మాత్రము భయము లేదు. ఉదజని కొరకు టన్నుకు రెండు టన్నులకు లోపే నీరు పట్టును. కిలో బియ్యము పండించుటకే అంతకు మించి నీరు పట్టుచున్నది.

డబ్బు సంగతి అట్లుండగా, అసలు చూడవలసినది పొగ తగ్గెనా లేదా అన్నది. దేశములో ఒక యూనిట్ కరెంటుకు సగటున 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడుచున్నది. తీగలలో వచ్చు ఆ కరెంటునే వాడి టన్ను మిథనాలు చేసినచో, 1.4 టన్నులు పట్టుటకు 7 టన్నులు వదలినట్లగును. ఇంతకంటె ఏమియు చేయక ఊరకుండుట మేలు.

ఎండ కరెంటుతో చేసినచో? అప్పుడు మేలు కొంత కలదు. టన్ను మిథనాలు 600 లీటర్ల పెట్రోలుకు సాటి. దానిని కాల్చినప్పుడు పట్టిన వాయువు తిరిగి ఆకాశమునకే పోవును. అయినను ఆ మేరకు పెట్రోలు మిగులును గనుక 1.4 టన్నుల లాభము. కాని ఆ 10 వేల యూనిట్ల ఎండ కరెంటునే నేరుగా తీగలలోనికి పంపి, అంతమేర బొగ్గు కాల్చుట మానినచో 7 టన్నులకు పైగా తగ్గును. హైటెక్ సిటీ రోడ్లపై తిరుగు కారు నుదాహరణగా తీసికొన్నను ఫలితమిదియే. టన్ను మిథనాలుతో కారు 9 వేల కిలోమీటర్లు తిరుగును. ఆ కరెంటునే బ్యాటరీలో నింపినచో 50 వేల కిలోమీటర్లు తిరుగును. 2019 నుండి రాయదుర్గము వరకు నడచుచున్న మెట్రో రైలు పొదుపు చెప్పనక్కరలేదు.

అట్లని ఈ ప్రయత్నమంతయు వ్యర్థమని త్రోసివేయుట న్యాయము కాదు. సముద్రముల దాటు ఓడలను, శంషాబాదు నుండి దూరదేశములకు ఎగురు విమానములను బ్యాటరీతో నడపుట నేటికి సాధ్యము కాకున్నది. వాటికి ద్రవ ఇంధనమే శరణ్యము. ఐస్‌లాండు దేశములో ఏటా 4 వేల టన్నుల మిథనాలు తీయగల కర్మాగారము వెలయుటకు కారణము, అచ్చట భూగర్భపు వేడి నుండి చౌకగా కరెంటు లభించుటయే. మన దేశమున వింధ్యాచల్ విద్యుత్కేంద్రములో ఎన్.టి.పి.సి. వారు పొగ నుండి పట్టిన వాయువుతో 2024 నవంబరులో మిథనాలు తీసిరి. దాని శక్తి దినమునకు 10 టన్నులు. పెగడపల్లిలో సింగరేణి వారు తలపెట్టినది దినమునకు 180 కిలోలు. ఆ కేంద్రము విడచు వాయువు దినమునకు 20 వేల టన్నులకు తక్కువ కాదు. ప్రయోగమునకు పట్టునది కొన్ని వందల కిలోలే. విత్తును చూచి పంటను కొలువరాదు గాని, ఈ ప్రయోగమును చూపి పొగ సమస్య తీరినదని ఎవరైన చెప్పినచో నమ్మరాదు.

ఇంతకంటె పెద్ద ప్రయత్నము సముద్రతీరమున జరుగుచున్నది. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్.టి.పి.సి. వారి హరిత ఉదజని కేంద్రమునకు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగినది. దినమునకు 1,500 టన్నుల ఉదజని తీసి, అందునుండి మిథనాలును, విమాన ఇంధనమును చేయవలెనని సంకల్పము. ఎండ పగలే కాయును; యంత్రములు రాత్రియు నడువనిదే పెట్టిన సొమ్ము తిరిగి రాదు. ఆ రాత్రి కరెంటు ఎచ్చటి నుండి తెత్తురో దానిని బట్టియే అచ్చటి ఇంధనము హరితమో, మరియొక పెగడపల్లి పొగయో తేలును.