99.88 డిగ్రీలు

పిల్లలూ, మీతో ఒక లెక్క గురించి మాట్లాడాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు అప్పగించిన పని, ఒక ఎఫ్‌పీజీఏ చిప్‌లో సైన్, కొసైన్ లెక్కగట్టడం. అందులోని గుణకార విభాగాలన్నీ అప్పటికే ఫిల్టర్లకు అయిపోయాయి. మా సీనియర్ ఒకాయన కార్డిక్ పద్ధతి చూపించారు. బీ-58 బాంబర్ విమానానికి దారి చూపే కంప్యూటర్ కోసం జాక్ వోల్డర్ ఆలోచించి, 1959లో ప్రచురించిన పద్ధతి అది. గుణించే పనే లేదు. బిట్లను పక్కకు జరపడం, కూడటం, తీసివేయడం, అంతే. 30 డిగ్రీలు కావాలనుకోండి. ముందు 45 తిప్పుతాం. ఎక్కువైంది, 26.57 వెనక్కి. తక్కువైంది, 14.04 ముందుకు. 32.47, 25.35, 28.92, 30.71... అలా అటూ ఇటూ ఊగుతూ 30 దగ్గరికి చేరుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

బల్ల మీద పరీక్షలన్నీ నెగ్గాను. తీరా బోర్డును యాంటెన్నాకు తగిలించాక, కోణం వంద డిగ్రీలు దాటగానే జవాబులు తప్పు. మూడు రాత్రులు తెర మీద తరంగాలు చూస్తూ కూర్చున్నాను. నాలుగో రోజు ఆ సీనియర్ కాగితం ఇచ్చి, 45, 26.57, 14.04 అంటూ సాగే ఆ కోణాల పట్టికంతా కూడమన్నారు. మొత్తం 99.88. అన్నీ ఒకే వైపు తిప్పినా అంతకు మించి పోదు! నేను పరీక్షించింది మొదటి పాదంలోని కోణాలనే. ముందుగా 90 డిగ్రీలు తిప్పి, మిగిలింది కార్డిక్‌కు ఇస్తే సరిపోయింది. పది నిమిషాల కూడికకు నేను మూడు రాత్రులు పోశాను.

నా బెంగంతా ఇదే. ఇలాంటి కార్డిక్ బ్లాకులు ఇప్పుడు రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి. వాడుకోండి, నేనూ వాడతాను. కానీ ఇంటర్వ్యూలో "పదహారు బిట్లే ఎందుకు పెట్టావు?" అంటే, "టూల్‌లో డిఫాల్ట్ అదే సార్" అంటారు. అదేం జవాబు నాయనా? చివరి బిట్‌లో ఎంత తప్పు వస్తుందో నువ్వు చూసుకోవద్దూ? కార్డిక్ ప్రతి తిప్పుకూ వెక్టరు పొడవును పెంచుతుంది, చివరికి 1.647 రెట్లవుతుంది. ఆ సంగతి ఎరగని వాళ్ల చేతికి మోటారునో రాడార్‌నో ఎలా అప్పగించను?

రేపు మీ మొదటి డిజైన్‌ను చిప్‌లోకి ఎక్కించే ముందు, అది ఏ కోణం దాకా పనిచేస్తుందో, ఎంత తప్పు వస్తుందో చేత్తో రాసి పక్కవాళ్లకు చూపించండి. సిగ్గుపడకండి.