డయమంటీనా సీమలో నీరు, గడ్డి, పశువులు
(రైతు శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



విత్తనాల గురించి, ఎరువుల గురించి మీకు చెప్పడానికి ఈ శిబిరంలో పెద్దలు చాలామంది ఉన్నారు. నేను ఈ పూట ఒక దూరదేశపు సీమను గురించి చెప్పదలచినాను. అక్కడ వరి లేదు, వేరుశనగ లేదు, చెరకు లేదు. అయినా ఆ సీమవారు నీటితోను, గడ్డితోను పడిన పాట్లు వింటే మన మెట్ట రైతుకు పనికివచ్చే సంగతులు మూడు నాలుగు దొరుకుతవి. అందుకే ఈ ప్రస్తావన.

ఆస్ట్రేలియా ఖండంలో ఈశాన్యభాగమున క్వీన్స్‌లాండ్ రాష్ట్రం ఉన్నది. ఆ రాష్ట్రానికి నైరుతి మూలన, ఎడారి అంచున ఉన్న స్థానిక పరిపాలనా ప్రాంతం పేరు డయమంటీనా షైర్. షైర్ అంటే మన పంచాయతి, పురపాలక సంఘం చేసే పనులన్నీ చేసే సంస్థ అనుకోవచ్చు. దీనిని 1883లో ఏర్పాటు చేశారు. 1903లో షైర్ అయినది. దాని విస్తీర్ణం సుమారు 95 వేల చదరపు కిలోమీటర్లు. అంటే మన తెలంగాణ రాష్ట్రంలో అయిదింట నాలుగు పాళ్ళకు మించినదన్నమాట. మరి జనం ఎంతమంది? 2021 జనాభా లెక్కలలో మూడువందలమంది కూడా తేలలేదు. మనిషికి సుమారు 350 చదరపు కిలోమీటర్ల నేల! మన పల్లెలో ఒక పెండ్లి పందిరి క్రిందకు వచ్చే జనం అక్కడ ఒక జిల్లా అంత సీమకు చాలినారు.

ఈ సీమలో చెప్పుకోదగిన ఊళ్ళు రెండే. ఒకటి బర్డ్స్‌విల్, రెండవది బెడూరీ. ఒక్కొక్క ఊరిలో నూరుమంది చొప్పున ఉంటారు. షైర్ కచేరీ 1953లో బర్డ్స్‌విల్ నుండి బెడూరీకి మారినది. ఒక మేయరు, నలుగురు కౌన్సిలర్లు కలిసి పాలన నడుపుతారు. పన్ను కట్టేవారు కొద్దిమందే గనుక ఖర్చులో పెద్దభాగం రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాల నిధుల నుండి వస్తున్నది. ఉన్న పనులలో పెద్దపని రోడ్ల మరమ్మతు. వరద వచ్చినప్పుడు దారులు వారాల తరబడి మునిగిపోతవి. కాబట్టి బీళ్ళమీద కాపురముండేవారు ఉప్పు, పప్పు, పిండి ముందుగానే నిలవచేసుకొనక తప్పదు. రోగికి వైద్యుడు విమానంలో వస్తాడు. బీళ్ళమీది పిల్లలు ఇంటివద్దనే ఉండి, దూరాన ఉన్న ఉపాధ్యాయుల వలన చదువు నేర్చుకుంటారు. దానికి ఒకనాడు రేడియో సాధనమైతే ఇప్పుడు ఇంటర్నెట్.

ఇక వాన సంగతి. బర్డ్స్‌విల్‌లో ఏడాది మొత్తంమీద పడే వాన సగటున 165 మిల్లీమీటర్లు మాత్రమే. కరవుసీమ అని మనం చెప్పుకొనే అనంతపురంలో సుమారు 550 మిల్లీమీటర్లు పడుతుంది. అంటే మన కరవులో మూడోవంతు వాన కూడా వారికి లేదు. ఎండలో నీరు ఆవిరి కావడం చూస్తే, నిలిచిన నీటిలో ఏడాదికి మూడు మీటర్ల లోతు ఆరిపోతుంది. 1972 డిసెంబరులో అక్కడ 49.5 డిగ్రీల ఎండ కాసింది. పడమటి వైపు సింప్సన్ ఎడారి, వరుస వరుసలుగా ఎఱ్ఱని ఇసుకతిన్నెలు.

ఇట్టిచోట పశువులు ఎలా బ్రతుకుతున్నవి? దానికి జవాబు ఆకాశంలో లేదు, ఏటిలో ఉన్నది. డయమంటీనా, జార్జీనా అనే రెండు ఏరులు ఉత్తరాన వందల కిలోమీటర్ల దూరంలో పుట్టి ఈ సీమగుండా దక్షిణానికి ప్రవహిస్తవి. ఉత్తరాన మంచి వానలు పడిన ఏడు నీరు క్రిందికి దిగుతుంది. నేల వాలు చాలా తక్కువ గనుక ఏరు ఒక్క దారిన పోక వందలాది పాయలుగా చీలి, చదును నేలలమీద మైళ్ళ వెడల్పున ప్రాకుతుంది. అందుకే దీనికి పాయల సీమ అని పేరు. పైన వాన కురిసిన కొన్ని వారాలకు గాని ఆ నీరు బర్డ్స్‌విల్ చేరదు. నెత్తిమీద మబ్బు తునక లేకుండానే ఊరికి వరద వస్తుంది. 1974లోను, 2019లోను అట్టి పెద్ద వరదలు వచ్చినవి. పొలం అంతా ఒండ్రు పట్టిన నల్లనేల. నెర్రెలు విచ్చి నీటిని కడుపునిండ త్రాగుతుంది. నీరు తీసిన కొద్ది వారాలకు పచ్చిక ముంచుకొని వస్తుంది. మన లంక పొలాలు ఎరిగినవారికి ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు.

ఆ పచ్చికలో ఒక మొక్కను గురించి ప్రత్యేకంగా చెప్పవలెను. దానిని వారు పాయల చిరుధాన్యం అంటారు. అది మన ఊదకు దాయాది. వరిచేలలో మనను బాధించే ఊదగడ్డి కూడా ఆ వంశమే. దీని గుణం వింతైనది. చిన్న జల్లుకు ఈ విత్తు మొలవదు. నేల లోతుగా తడిసేటట్లు వరద ముంచెత్తినప్పుడే మొలుస్తుంది. ఒకసారి మొలిస్తే మరల తడి అక్కరలేకుండా ఆ ఒక్క తడిమీదనే గింజ కడుతుంది. అంటే, పంట పూర్తి కావడానికి చాలినంత నీరు నేలలో ఉన్నదని రూఢి అయిన తరువాతనే అది బయలుదేరుతున్నది. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ వారు 1975లో, తగినంతగా వాడుకలోకి రాని మొక్కలను గురించి వెలువరించిన గ్రంథంలో దీనికి చోటిచ్చినారు. తొలకరి రెండు జల్లులకే తొందరపడి విత్తి, తరువాత వాన లేక విత్తనం పోగొట్టుకొనే మనకు ఈ గడ్డి ఒక పాఠం చెప్పడం లేదా? నేలలో జానెడు లోతు పదును చూడకుండా విత్తరాదని మేము చెప్పే మాట ఇదే.

ఈ సీమకు తొలి యజమానులు ఆదివాసులు. వంగకంగురు, యర్లుయాండి, మిథాక మొదలైన జాతులవారు వేల సంవత్సరాలుగా అక్కడ నివసించారు. గడ్డిగింజలను దూసి, రాతిమీద నూరి రొట్టెలు చేసుకొనేవారు. వంగకంగురు వారు ఇసుకతిన్నెల నడుమ చెలమలు త్రవ్వి, వాటి ఆధారంతో ఎడారి నడిబొడ్డున కాపురమున్నారు. ఆ చెలమలను వారు మికిరి అంటారు. ఏ చెలమలో ఎన్నాళ్ళు నీరుండునో వారికి కంఠస్థం. 1870 ప్రాంతాల నుండి తెల్లవారు పశువులతో వచ్చి ఏటి ఒడ్లు ఆక్రమించడంతో ఆ ప్రజలు తమ నేలను పోగొట్టుకొని చాలా కష్టాలపాలైనారు. ఆ నేలమీద వారికి గల పూర్వపు హక్కును న్యాయస్థానం 2014, 2015 సంవత్సరాలలో గుర్తించినది.

వచ్చిన పశుపోషకులు మొదట చేసిన పని ఏమనగా, మంచి వరద వచ్చిన ఏటి పచ్చికను చూచి, ప్రతి ఏడూ అట్లే ఉండుననుకొని మందలను పెంచుకొన్నారు. 1890ల చివర మొదలై 1902 దాకా నడచిన పెద్ద కరవులో ఆ మందలు గడ్డిలేక కుప్పకూలినవి. పశువులు తొక్కి, కొరికి వదలిన నేలమీద మన్ను గాలికి లేచిపోయినది. ఈ దెబ్బతో తెలివి తెచ్చుకొన్నవారు పద్ధతి మార్చుకొన్నారు. సిడ్నీ కిడ్మన్ అనే ఆయన (1857–1935) ఉత్తరం నుండి దక్షిణానికి ఏరుల వెంబడి గొలుసువలె బీళ్ళు సంపాదించి, ఒకచోట గడ్డి తగ్గితే మందను మరొకచోటికి నడిపించేవాడు. అందరికీ అన్ని బీళ్ళు ఎక్కడివి? కాబట్టి నేటి పోషకులు వరద వచ్చిన తరువాత గడ్డి కొలత చూచుకొని పశువులను తెచ్చి మేపి, కండపట్టగానే, గడ్డి తరుగకముందే అమ్మివేస్తారు. పశువు చిక్కిన తరువాత అమ్మేవానికి ధర ఉండదని మన సంతలలోను తెలిసినదే. ఎరువులు, పురుగుమందులు తగలని గడ్డి గనుక 1990ల నుండి అక్కడి కొన్ని కుటుంబాలవారు కలిసి సేంద్రియ మాంసమని ధృవపత్రం పొంది విదేశాలకు ఎగుమతి చేస్తున్నారు.

ఇక్కడ మన దేశానికి సంబంధించిన మాటలు రెండు ఉన్నవి. మోటారు బండ్లు రాకముందు ఆ ఎడారి దారులలో సరకులు మోసినవి ఒంటెలు. 1866లో కరాచీ రేవు నుండి ఒంటెలను, వాటిని తోలేవారిని దక్షిణ ఆస్ట్రేలియాకు తీసుకొనివెళ్ళినారు. తరువాత పశువుల సంగతి. అమెరికాలో తయారైన బ్రాహ్మన్ అనే జాతిలో మన దేశపు కాంక్రేజ్, గిర్ జాతుల రక్తంతోపాటు మన ఒంగోలు రక్తం కూడా కలిసి ఉన్నది. ఆ జాతిని 1933లో క్వీన్స్‌లాండ్‌కు తెచ్చారు. ఎండకు, పిడుదులకు ఓర్చే ఆ గుణంవలననే ఆస్ట్రేలియా ఉత్తరభాగమంతటా ఆ సంకరపు మందలు వ్యాపించినవి. మన ఇంటి గిత్త విలువ పరాయివారు గుర్తించినంతగా మనం గుర్తించినామా అని ఆలోచించవలెను.

ఇక ముఖ్యమైన సంగతికి వస్తాను. అది బోరు. ఆ సీమ అడుగున పెద్ద ఆర్టీసియన్ జలాశయం ఉన్నది. అది 17 లక్షల చదరపు కిలోమీటర్ల మేర, అనగా మన దేశంలో సగానికి మించిన మేర, ఇసుకరాతి పొరలలో నిండియున్న నీరు. పైన మూతవలె గట్టి బంకపొర ఉండుటచేత నీరు ఒత్తిడిలో ఉంటుంది. బోరు వేస్తే పంపు లేకుండానే పైకి చిమ్ముతుంది. బర్డ్స్‌విల్ బోరు లోతు వెయ్యి మీటర్లకు పైమాటే. నీరు సుమారు 98 డిగ్రీల వేడితో వస్తుంది, చల్లార్చి వాడుకొనవలెను. ఆ వేడితోనే 1992 నుండి 2018 వరకు అక్కడ 80 కిలోవాట్ల చిన్న విద్యుత్ కేంద్రం కూడా నడచినది.

ఈ జలాశయంలో మొదటి బోరు 1878లో పడినది. నీరు దానంతటదే వస్తుంటే మనిషికి అడ్డేమున్నది? 1915 నాటికి సుమారు 1,500 బోర్లు రాత్రింబగళ్ళు పారుతున్నవి. ఆ నీటిని మట్టికాలువలలో మైళ్ళకొద్దీ వదలినారు. అందులో నూటికి తొంభై పాళ్ళకు పైగా ఆవిరై, నేలలో ఇంకి వృథా అయినది. పశువు నోటికి అందినది కొద్దిపాటి. క్రమంగా ఒత్తిడి తగ్గినది. కొన్ని బోర్లు చిమ్మడం మానినవి, ఊటలు కొన్ని ఎండిపోయినవి. 1912లోనే రాష్ట్రాలవారు సమావేశమై ఈ సంగతి చర్చించారు. కాని అన్ని రాష్ట్రాలు, కేంద్రం, రైతులు కలిసి ఖర్చు పంచుకొని పెద్ద ఎత్తున బోర్లకు మూతలు బిగించి, కాలువల బదులు గొట్టాలు వేసే పథకం మొదలైనది 1999లో! తెలిసిన తరువాత పూనుకొనడానికి ఎనుబది ఏడేండ్లు పట్టినది. ఆ పథకం 2017 దాకా నడచినది. మూసినచోట ఒత్తిడి మరల పెరిగినది. గొట్టం వేసినందువలన ఇంకొక లాభం కలిగినది. నీరున్న చోటనే పశువులు మూగి చుట్టుప్రక్కల గడ్డి నాశనం చేసేవి. ఇప్పుడు దూరదూరంగా తొట్లు కట్టి, వంతులవారీగా బీళ్ళకు విశ్రాంతి ఇస్తున్నారు.

మన తెలుగునాట రాయలసీమ, తెలంగాణ మెట్టలలో అట్టి జలాశయం లేదు. మనది గట్టిరాయి. చివికిన రాతిపొరలోను, పగుళ్ళలోను నిలిచే కొద్దిపాటి నీరే మన ఆస్తి. అది ఏటేటా వానకు నిండవలెను. వారి నీరు తరగడానికి తరాలు పట్టినది. మన నీరు తరగడానికి రెండు వేసవులు చాలును. ఒకరి బోరు ప్రక్క మరొకరు వేస్తే ఉన్న నీరు పంచుకొనడమే గాని కొత్త నీరు పుట్టదు. అప్పుచేసి నాలుగు బోర్లు వేసి, నాలుగూ ఎండి, నేల అమ్ముకొన్న కుటుంబాలు మీ ఊళ్ళలో ఎన్ని ఉన్నవో నాకన్న మీకే తెలుసు. 2002లో వాల్టా చట్టం వచ్చినది. చట్టం కాగితంమీద ఉంటుంది. నీరు మాత్రం మీ చేతిలో ఉన్నది. 2003 నుండి కొన్నేండ్లపాటు అనంతపురం, మహబూబ్‌నగర్ మొదలైన ఏడు కరవు జిల్లాలలో రైతులే వానను, బావుల నీటిమట్టాన్ని కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుండి నీటి లెక్క వేసుకొన్న ఉద్యమం జరిగినది. అది చదువురానివారు సైతం చేసి చూపిన పని.

కాబట్టి నా మనవి నాలుగు మాటలు. ఒకటి, ఊరిలో వాన కొలిచే సాధనం ఒకటి పెట్టి, నెలకొకసారి నాలుగు బావుల నీటిమట్టం కొలిచి పంచాయతి గోడమీద వ్రాయండి. రెండు, ఉన్న నీటిని బట్టి పైరు ఎంచుకొనండి. బోరు క్రింద వరి వేసి మార్చిలో ఆకాశంవైపు చూడకండి. మూడు, మట్టికాలువ మాని గొట్టమో, బిందుసేద్యమో పెట్టండి. నాలుగు, మేత ఎన్ని పశువులకు చాలునో మాఘమాసంలోనే లెక్క చూచుకొని, మిగిలినవాటిని చిక్కకముందే సంతకు తోలండి.

మూడువందలమంది లేని సీమవారు, ఇరుగుపొరుగు ఇంటికి వెళ్ళాలంటే పూట ప్రయాణమైనవారు, కూడి నీటికి మూత బిగించగలిగినారు. గోడకు గోడ ఆనించి బ్రతికే మనకు ఒకచోట కూర్చుండటం కష్టమా? ఆలోచించండి. సందేహాలుంటే ఇప్పుడే అడగవచ్చును.